‘గుడ్ నైట్, అండ్ గుడ్ లక్’ చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా చూడమని ఎవరికి చెప్పినా వెనక్కి వచ్చే సందేహాలు దాదాపు ఒక్కటే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. 1950ల అమెరికాలో సెనేటర్ మెకార్థీని టీవీలో ఎదుర్కొన్న ఎడ్వర్డ్ మర్రో అనే సీబీఎస్ సంస్థ పాత్రికేయుడి కథ ఇది. కథ చరిత్రలో ఉన్నదే కాబట్టి ముందే తెలిసినా నష్టం లేదు. నిజానికి కొంత తెలిసి కూర్చుంటేనే ఈ సినిమా బాగా పడుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## సినిమా పెట్టే ముందు

ఇది 2005 సినిమానా, ఈమధ్య వచ్చిన నాటకమా? వెతికితే రెండూ వస్తున్నాయి

రెండూ ఉన్నాయి. సినిమా 2005లో వచ్చింది, నిడివి 93 నిమిషాలు, నలుపు తెలుపు. దర్శకుడు జార్జ్ క్లూనీ. గ్రాంట్ హెస్లోవ్‌తో కలిసి రాసిందీ ఆయనే. 2025లో అదే పేరుతో న్యూయార్క్ బ్రాడ్‌వేలో నాటకంగా వేశారు, జూన్ 7న ఒక ప్రదర్శనను సీఎన్ఎన్ ప్రత్యక్షంగా చూపించింది. గుర్తు పట్టడం తేలిక. సినిమాలో మర్రోగా వేసింది డేవిడ్ స్ట్రాథెర్న్, క్లూనీది నిర్మాత ఫ్రెండ్లీ పాత్ర. నాటకంలో మర్రో క్లూనీయే. ఓటీటీ హక్కులు మారిపోతుంటాయి కనుక అద్దెకు తీసుకునే ముందు సంవత్సరం, నిడివి సరిచూసుకోండి. మొదటిసారి చూసేవాళ్ళు సినిమాతోనే మొదలుపెట్టండి.

అసలు మెకార్థీ ఎవరు? ఏం చేశాడని అంత గొడవ?

జోసెఫ్ మెకార్థీ విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి 1946లో గెలిచిన రిపబ్లికన్ సెనేటర్. మూడేళ్ళపాటు ఆయన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ అనే ఊళ్ళో ఒక మహిళా సంఘం సభలో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో పనిచేస్తున్న కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నాడు. 205 మంది అన్నట్టు పత్రికల్లో వచ్చింది. తర్వాత అది 57 అయింది, సెనేట్‌లో మాట్లాడేటప్పటికి 81 కేసులైంది. జాబితా మాత్రం ఎవరికీ చూపించలేదు. 1953లో రిపబ్లికన్లకు సెనేట్‌లో ఆధిక్యం రావడంతో శాశ్వత దర్యాప్తు ఉపసంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇక ఎవరినైనా పిలిపించి, బోనులో నిలబెట్టినట్టు ప్రశ్నించే అధికారం చేతికొచ్చింది. సినిమా జరిగేది ఆ రోజుల్లో.

అంకెలు మారుస్తూ పోతుంటే జనం ఎలా నమ్మారు? పత్రికలు ఏం చేస్తున్నాయి?

ముందు జనం సంగతి. 1949 ఆగస్టులో సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది. అక్టోబరులో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్ళింది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ఏడాది తిరక్కముందే ఇన్ని దెబ్బలు. ‘మనం ఓడిపోవడం లేదు, మన లోపలివాళ్ళే అమ్మేస్తున్నారు’ అన్న మాట చెవికెక్కడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది?

పత్రికల సంగతి ఇంకా ఆసక్తికరం. సెనేటర్ అన్న మాట వార్తే కదా, అన్నది అన్నట్టు వేయడమే నిష్పాక్షికత అనుకునే పద్ధతి అప్పట్లో గట్టిగా ఉండేది. దాన్ని మెకార్థీ పూర్తిగా వాడుకున్నాడు. ఎడిషన్ గడువు దగ్గరపడ్డాక ఆరోపణ వదిలేవాడు. ఆరోపణ మొదటి పేజీలోకి ఎక్కేది. బాధితుడి ఖండన మర్నాడు లోపలి పేజీలో ఎక్కడో పడేది. అప్పటికి కొత్త ఆరోపణ సిద్ధం. పైగా సెనేట్ సభలో అన్న మాటకు పరువునష్టం దావా పట్టదు. 1954 జనవరిలో గాలప్ సర్వే చేస్తే 50 శాతం మంది ఆయన పట్ల సానుకూలంగా ఉన్నారు, 29 శాతం వ్యతిరేకంగా. ఈ రెండు అంకెలూ మనసులో పెట్టుకుంటే న్యూస్‌రూంలో వాళ్ళు ఎందుకంత వణుకుతున్నారో తెలుస్తుంది.

అమెరికాలో సోవియట్ గూఢచారులు నిజంగా ఉన్నారుగా? మరి మెకార్థీ తప్పేంటి?

ఉన్నారు. బాంబు రహస్యాలు అందించిన క్లాస్ ఫ్యూక్స్ 1950లో దొరికిపోయాడు. ఉన్న ప్రమాదాన్ని మర్రో బృందం కాదనలేదు. వాళ్ళ అభ్యంతరం పద్ధతి మీద: నిందితుడికి సాక్ష్యం చూపించకపోవడం, నింద వేసినవాడెవరో చెప్పకపోవడం, విచారణే శిక్షగా మారడం. గూఢచారిని పట్టుకోవడం వేరు, గూఢచారి బూచిని చూపించి ఓట్లు, అధికారం దండుకోవడం వేరు. ఈ తేడా పట్టుకోకపోతే సినిమా కమ్యూనిస్టుల తరఫు ప్రచారంలా కనిపిస్తుంది. అలా అనుకుని మధ్యలో ఆపేసినవాళ్ళూ ఉన్నారు.

హాలీవుడ్ రచయితలను జైలుకు పంపింది మెకార్థీయేనా?

కాదు. అది ప్రతినిధుల సభకు చెందిన వేరే సంఘం, 1947 విచారణలతో. అప్పటికి మెకార్థీ సెనేట్‌కు కొత్త. సెనేటర్ కాబట్టి ఆయనకు ఆ సంఘంలో సభ్యత్వం కూడా లేదు.

మర్రో అప్పటికే పెద్ద పేరున్నవాడా?

అమెరికాలో ఆయన గొంతు తెలియని ఇల్లు అరుదు. 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతుంటే అక్కడి నుంచే రేడియోలో సీబీఎస్‌కు వార్తలు చెప్పాడు. సినిమా పేరు కూడా అప్పుడు అలవాటైన వీడ్కోలు మాటే. రేపు ఉంటామో లేదో తెలియని రాత్రుల్లో లండన్ వాసులు ఒకరికొకరు చెప్పుకునే మాటను తన కార్యక్రమం చివర వాడేవాడు. 1951 నవంబరులో ‘సీ ఇట్ నౌ’ టీవీ కార్యక్రమం మొదలైంది. పేరుకు పేరు, మధ్యతరగతికి నచ్చే ముఖం, యుద్ధకాలపు పరపతి అన్నీ ఉన్న మనిషే 1954 దాకా ఆగాడు. ఇది గమనించాల్సిన విషయం.

అమెరికా చరిత్ర నాకు సున్నా. కనీసం ఏ తేదీలు తెలిస్తే చాలు?

ఆరు చాలు.

- 1953 అక్టోబరు 20: లెఫ్టినెంట్ రాడులోవిచ్ మీద ప్రసారం
- 1954 మార్చి 9: మెకార్థీ మీద ప్రసారం
- మార్చి 16: ఆనీ లీ మాస్ విచారణ ప్రసారం
- ఏప్రిల్ 6: మెకార్థీ జవాబు
- ఏప్రిల్ 22 నుంచి జూన్ 17 వరకు: సైన్యం, మెకార్థీ గొడవ మీద సెనేట్ విచారణ
- డిసెంబరు 2: 67–22 ఓట్లతో సెనేట్ మెకార్థీని అభిశంసించింది

కథ మొత్తాన్ని 1958 అక్టోబరు 15న షికాగోలో మర్రో చేసిన ప్రసంగం మధ్యలో ఇమిడ్చారు. కాబట్టి మొదటి సన్నివేశం కాలక్రమంలో చివరిది.

## చూస్తున్నప్పుడు

మొదటి పావుగంట ఎవరెవరో ఏమీ తెలియలేదు. ఎలా గుర్తుపట్టాలి?

ఇది అందరికీ ఎదురయ్యేదే. పాత్రలను పరిచయం చేసే అలవాటు ఈ సినిమాకు లేదు. ఐదు ముఖాలు పట్టుకోండి. మర్రో (స్ట్రాథెర్న్): ఎప్పుడూ చేతిలో సిగరెట్. ఫ్రెడ్ ఫ్రెండ్లీ (క్లూనీ): కళ్ళద్దాలు, ప్రసారం నడుస్తుంటే కెమెరా పక్కన మర్రో కాళ్ళ దగ్గర కూర్చుని, సమయం కాగానే కాలు మీద తట్టేది ఇతనే. విలియం పేలీ (ఫ్రాంక్ లాంజెల్లా): సీబీఎస్ అధిపతి, పై అంతస్తు గది. సిగ్ మికెల్సన్ (జెఫ్ డేనియల్స్): యాజమాన్యానికీ న్యూస్‌రూంకీ మధ్య నలిగేవాడు. డాన్ హోలెన్‌బెక్ (రే వైజ్): రాత్రి వార్తలు చదివే మనిషి, నవ్వు వెనక దిగులు. జో, షర్లీ అనే జంట (రాబర్ట్ డౌనీ జూనియర్, పట్రీషియా క్లార్క్‌సన్) పెళ్ళి దాచుకుని తిరుగుతుంటారు, భార్యాభర్తలు ఒకేచోట పనిచేయకూడదన్న సీబీఎస్ నిబంధన వల్ల. డౌనీని చూసి ఐరన్ మ్యాన్ హడావుడి ఆశించకండి.

మెకార్థీ వేషం ఎవరు వేశారు? పేర్లలో కనిపించలేదు

ఎవరూ వేయలేదు. తెర మీద కనిపించేది అసలు మెకార్థీయే, 1950ల నాటి ఫిల్ములోంచి. ప్రివ్యూ చూసిన కొందరు ‘ఆ మెకార్థీ నటుడు మరీ అతి చేశాడు’ అన్నారని క్లూనీ చెప్పుకొచ్చాడు. ఈ ఎంపిక సినిమాకు వెన్నెముక. నటుణ్ణి పెడితే ‘మీరు విలన్‌లా చూపించారు’ అనే సందు దొరికేది. 1954లో మర్రో కూడా సరిగ్గా ఇదే చేశాడు, మెకార్థీ మీద మెకార్థీనే సాక్షిగా నిలబెట్టాడు.

నలుపు తెలుపు సినిమా మా టీవీలో బూడిదరంగుగా, ప్లాస్టిక్‌లా కనిపిస్తోంది

సెట్టింగుల్లో పిక్చర్ మోడ్ ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కు మార్చండి. ‘వివిడ్’లో పెడితే తెలుపు నీలం తిరుగుతుంది. మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపేయండి. లేకపోతే పాత ఫిల్ము ముక్కలూ కొత్తగా తీసినవీ అతుకు వేసినట్టు విడిపోయి కనిపిస్తాయి. గదిలో లైట్లు తీసేయండి, పొగ, నీడలు అప్పుడే తేలతాయి. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ రంగుల ఫిల్ము మీదే తీసి తర్వాత నలుపు తెలుపు చేశాడు. కారణం ఊహించొచ్చు. పాత మెకార్థీ ఫుటేజీకి రంగు లేదు, దానితో కలవాలంటే మిగతాదీ అలాగే ఉండాలి.

మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మొహమాటం వద్దు. న్యూస్‌రూం సన్నివేశాల్లో నలుగురు ఒకేసారి మాట్లాడటం కావాలని పెట్టిందే, ప్రతి ముక్కా అందుకోనక్కర్లేదు. మర్రో కెమెరా వైపు తిరిగి చదివేటప్పుడు మాత్రం ఒక్క వాక్యం కూడా వదలకండి. ఆ మాటల్లో ఎక్కువభాగం అసలు ప్రసారాల్లోంచి తీసుకున్నవే.

రాడులోవిచ్ కేసులో అందరూ కవరు కవరు అంటారేంటి?

మైలో రాడులోవిచ్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న వైమానిక దళ రిజర్వు లెఫ్టినెంట్. రాజీనామా చేయమన్నారు. అతని మీద ఆరోపణ లేదు. తండ్రి సెర్బియన్ పత్రిక తెప్పించుకుంటాడని, సోదరికి వామపక్ష భావాలున్నాయని కారణం. వాళ్ళతో తెగతెంపులు చేసుకోనన్నాడు. విచారణలో సాక్ష్యం అంటూ మూసిన కవరు ఒకటి చూపించారు. అందులో ఏముందో అతనికీ తెలియదు, లాయరుకీ తెలియదు. ప్రసారమైన ఐదు వారాలకు, నవంబరు 24న, అతన్ని కొనసాగిస్తున్నట్టు వైమానిక శాఖ కార్యదర్శి హెరాల్డ్ టాల్బట్ అదే కార్యక్రమంలో ప్రకటించాడు. మెకార్థీ పేరు ఎక్కువ తీసుకోకుండానే గెలిచిన మొదటి పోరు ఇది.

మార్చి 9 ప్రసారం అంత గొప్పదంటారు. అందులో ఏముంది?

అరగంట కార్యక్రమం. మర్రో ఎక్కువగా కింద కాగితం చూసి చదువుతాడు, మధ్యమధ్య మెకార్థీ ఫిల్ము ముక్కలు. కోపంగా ఒక్క కేక కూడా ఉండదు. పద్ధతేమిటంటే, మెకార్థీ మాట ఒకటి వినిపించడం, పక్కనే దానికి సంబంధించిన వాస్తవం పెట్టడం.

రీడ్ హ్యారిస్ ముక్క చూడండి. విదేశాంగ శాఖ ఉద్యోగి. 1932లో రాసిన పుస్తకం పట్టుకుని 1953లో నిలదీస్తుంటాడు మెకార్థీ. కాలేజీ రోజుల్లో పౌరహక్కుల సంఘం నీకు లాయరును పెట్టింది కదా, ఆ సంఘం కమ్యూనిస్టుల ముసుగు అని జాబితాకెక్కింది తెలుసా అంటాడు. ఫిల్ము ఆగుతుంది. అటార్నీ జనరల్ గానీ, ఎఫ్‌బీఐ గానీ, మరే ప్రభుత్వ సంస్థ గానీ ఆ సంఘాన్ని ఏనాడూ జాబితాలో పెట్టలేదని మర్రో నింపాదిగా చెబుతాడు. అంతే, తర్వాతి ముక్కకు వెళ్ళిపోతాడు.

ఇంకొకటి షేక్‌స్పియర్ ముక్క. సైన్యం కార్యదర్శిని ఎద్దేవా చేస్తూ జూలియస్ సీజర్ నాటకంలోని పంక్తి చదువుతాడు మెకార్థీ. చివర్లో మర్రో, సెనేటర్‌గారు మరో మూడు పంక్తులు వెనక్కి చూసి ఉంటే ఇదీ కనిపించేదంటూ, తప్పు మన నక్షత్రాలది కాదు మనదే అన్న పంక్తి చదువుతాడు. భయాన్ని మెకార్థీ పుట్టించలేదు, ఉన్న భయాన్ని వాడుకున్నాడు, అదీ బాగానే వాడుకున్నాడు అంటాడు. ప్రేక్షకుణ్ణి కూడా బోనెక్కించే ఆ వాక్యం కోసమైనా ఈ భాగం రెండుసార్లు చూడొచ్చు.

ఖాళీ కుర్చీని అంతసేపు ఎందుకు చూపించారు?

ఆనీ లీ మాస్ సైనిక శాఖలో చిన్న ఉద్యోగం చేసే నల్లజాతి మహిళ. విచారణ మధ్యలో మెకార్థీ పని ఉందంటూ లేచి వెళ్ళిపోయి, రాయ్ కోన్ అనే తన న్యాయవాదికి వదిలేశాడు. పేరు చెప్పని సాక్షి మాట కోన్ ఎత్తగానే, సాక్ష్యం లేకుండా ఇలా నిందలు వేయడమేమిటని సెనేటర్ మెక్లెలన్ అడ్డుకున్నాడు. ఆరోపించినవాడి కుర్చీ ఆ సమయంలో ఖాళీ. కెమెరా దాని దగ్గరే నిలిచింది, వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

మధ్యలో పాడే ఆవిడ ఎవరు? కథకు ఏం సంబంధం?

జాజ్ గాయని డయాన్ రీవ్స్. కథలో పాత్ర కాదు. పాటల ఆల్బంకు గ్రామీ వచ్చింది. గట్టి సన్నివేశాల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి అనుకోండి.

ఆల్కోవా, ప్రకటన ఖర్చు అంటూ డబ్బు గురించి అంత చర్చ ఎందుకు?

సినిమా అసలు ఇక్కడుంది. ‘సీ ఇట్ నౌ’కు స్పాన్సర్ ఆల్కోవా అనే అల్యూమినియం సంస్థ. సైన్యంతో వ్యాపారం ఉన్న సంస్థ, సైన్యాన్ని ప్రశ్నించే కార్యక్రమం. రాడులోవిచ్ ప్రసారానికి ప్రచారం చేయడానికి సీబీఎస్ ఒప్పుకోలేదు. మర్రో, ఫ్రెండ్లీ సొంతంగా 1,500 డాలర్లు పెట్టి న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేశారు, అందులో సీబీఎస్ గుర్తు లేదు. చట్టం ప్రకారం వాళ్ళను ఎవరూ ఆపలేదు. ఆపగలిగేది స్పాన్సర్ ఫోను, అనుబంధ స్టేషన్ల గొణుగుడు, వాటాదారుల చిరాకు. పేలీ, మర్రో మాట్లాడుకునే సన్నివేశాల్లో పేలీని విలన్ అనుకోకుండా వినండి. అతను చెప్పే లెక్కలో అబద్ధం లేదు, అందుకే ఆ సన్నివేశాలు మెకార్థీ కేకల కంటే ఎక్కువ కలవరపెడతాయి.

## చూశాక వచ్చే సందేహాలు

మెకార్థీని పడగొట్టింది మర్రోనేనా?

ఒక్కడే కాదు. హెర్‌బ్లాక్ వాషింగ్టన్ పోస్ట్‌లో 1950 మార్చిలోనే కార్టూన్లతో ఎదిరించాడు. అదే ఏడాది జూన్ 1న మెకార్థీ సొంత పార్టీ సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్ సభలో లేచి నిలదీసింది. డ్రూ పియర్సన్ లాంటి కాలమిస్టులు అంతకంతకూ రాస్తూనే ఉన్నారు. అసలు దెబ్బ సైన్యంతో పెట్టుకున్నాకే తగిలింది. 1954 విచారణ 36 రోజులు సాగింది. జూన్ 9న మెకార్థీ ఒక యువ న్యాయవాది పేరు లాగినందుకు సైన్యం న్యాయవాది జోసెఫ్ వెల్చ్, మీకు సభ్యత అనేదే లేదా అని అడిగాడు. ఆ విచారణను పూర్తిగా ప్రత్యక్షంగా చూపించింది ఏబీసీ, డ్యూమాంట్ అనే టీవీ సంస్థలు; సీబీఎస్ కాదు. ఈ ముక్క సినిమా అభిమానులు సాధారణంగా ఎత్తరు. పెద్ద టీవీ సంస్థ వేదిక మీద, ప్రైమ్‌టైమ్‌లో ఎదురు చెప్పినా బతకొచ్చని చూపించడమే మర్రో చేసిన పని. అదేమీ చిన్నది కాదు.

ఎంచి ఎంచి చెడ్డ ముక్కలే అతికించారు కదా? అదీ ఒకరకం దాడి కాదా?

న్యాయమైన ప్రశ్న, 1954లోనే వచ్చింది. మెకార్థీకి వ్యతిరేకి అయిన గిల్బర్ట్ సెల్డెస్ అనే విమర్శకుడే ఈ పద్ధతిని తప్పుబట్టాడు. మర్రో జవాబు చెప్పుకునే అవకాశం ముందే ఇచ్చాడు, ఏప్రిల్ 6న మెకార్థీ అరగంటా వాడుకున్నాడు. అయితే వాస్తవాలను ఖండించకుండా మర్రోనే నక్కల గుంపుకు నాయకుడన్నాడు. రెండు ప్రసారాలూ వెంటవెంటనే చూసి ఎవరికి వారు తేల్చుకోవడం మంచిది.

ఆనీ లీ మాస్ నిజంగానే పార్టీ సభ్యురాలట కదా?

1958లో ఒక ప్రభుత్వ బోర్డు, పార్టీ రికార్డుల్లో ఆమె పేరు, చిరునామా ఉన్నాయని తేల్చింది. సినిమా ఆ సంగతి ఎత్తదు, ఆ మేరకు అది సినిమా లోపమే. మర్రో మాత్రం ఆమె నిర్దోషి అనలేదు. పేరు చెప్పని సాక్షి మాటతో ఉద్యోగం పోకూడదన్నాడు. ఆ వాదనను బోర్డు తీర్పు ముట్టుకోలేదు.

హోలెన్‌బెక్ ఆత్మహత్య నిజంగా జరిగిందా?

జరిగింది, 1954 జూన్ 22న. మార్చి 9 ప్రసారం అయిన వెంటనే తన వార్తల్లో మర్రోను బాహాటంగా సమర్థించాడు. అంతకుముందు నుంచే హర్స్ట్ పత్రికలో జాక్ ఓబ్రయన్ అనే కాలమిస్టు వెంటపడి రాస్తున్నాడు. ఆరోగ్యం, కుటుంబం సమస్యలూ ఉన్నాయి, ఒక్క కారణానికి కట్టేయలేం.

గెలిచారు కదా, మరి షో ఎందుకు పోయింది?

1955 జూన్‌లో ‘64,000 డాలర్ల ప్రశ్న’ అనే క్విజ్ షో అదే మంగళవారం రాత్రి, మర్రోకు ముందు అరగంటలో మొదలైంది. జనం విరగబడ్డారు. దాని పక్క సమయానికి ధర పెరిగింది. అదే ఏడాది ఆల్కోవా తప్పుకుంది. వారంవారం వచ్చే కార్యక్రమం అప్పుడప్పుడూ వచ్చేదయింది, 1958లో ఆగిపోయింది. మర్రోను ఎవరూ నిషేధించలేదు; అతని సమయానికి వేరేవాళ్ళు ఎక్కువ ఇచ్చారు.

మన ఎమర్జెన్సీతో పోల్చవచ్చా?

కొంతవరకే. 1975 జూన్‌లో మన దగ్గర సెన్సార్ ఆదేశమే వచ్చింది, మొదటి రాత్రే ఢిల్లీలో పత్రికలకు కరెంటు తీసేశారు. శత్రువు ఎదురుగా కనిపించాడు, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. 1954 అమెరికాలో అలాంటి ఆదేశమేదీ లేదు. 1950లో ప్రైవేటువాళ్ళు అచ్చువేసిన ‘రెడ్ చానెల్స్’ అనే పుస్తకంలో 151 మంది కళాకారుల, రేడియో, టీవీవాళ్ళ పేర్లు ఉన్నాయి, వాళ్ళకు పని ఇవ్వడం సంస్థలు తమంతట తామే మానేశాయి. సీబీఎస్ తన ఉద్యోగులతో విధేయతా పత్రాలు నింపించింది, మర్రో కూడా సంతకం పెట్టాడు. ఖాళీ సంపాదకీయం లాంటి జవాబు ఈ రకం భయానికి పనిచేయదు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

పదమూడు, పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళతో చూడొచ్చు. హింస, అసభ్యత లేవు. ఆత్మహత్య ప్రస్తావన ఉంది, ముందే చెప్పి కూర్చోబెట్టండి. సిగరెట్లు ప్రతి సన్నివేశంలో ఉంటాయి, అప్పటి సిగరెట్ ప్రకటన కూడా ఒకటి వినోదంగా వస్తుంది. మర్రో 1965లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడని అక్కడే చెప్పేయవచ్చు. విసుగు పుడితే మార్చి 9 ప్రసారం, ఖాళీ కుర్చీ, పేలీ గది అనే మూడు చోట్లూ విడిగా చూపించండి. ఆ మూడూ కలిపి అరగంట దాటవు.